గీత గరుకెక్కే చోట

బెంగాలు ఆడవాళ్ళు కుట్టే కాంథాను నా ముందు పరిస్తే నేను మొదట చూసేది నడిమధ్యన విరిసిన తామరను కాదు. నాలుగు మూలల నుంచీ లోపలికి ఒరిగిన మామిడిపిందెలనూ కాదు. ఏనుగులు, గుర్రాలు, పల్లకీలు, చేపలు కొలువుదీరిన ఆ సంబరాన్నంతా కాసేపు పక్కన పెట్టి, బొమ్మకూ బొమ్మకూ నడుమ మిగిలిన తెల్లటి జాగా వైపు చూస్తాను. తెల్లగుడ్డ మీద తెల్లదారం. కనిపించీ కనిపించని కుట్లు. ఇక్కడేమీ లేదులే అని కన్ను దాటిపోబోతుంది, ఇంతలో వేలు తగులుతుంది. అబ్బ! ఆ జాగా అంతా అలలు. సన్నగా, చిక్కగా, ఒకదాని వెన్నంటి ఒకటి లేస్తూ, తామర రేకుల అంచున వంపు తిరుగుతూ, ఏనుగు తొండం కింద నుంచి దూరి అవతలకు సాగుతూ, గుడ్డ నిండా కదలాడే అలలు! బొమ్మలు కుట్టినావిడ తన నేర్పంతా బొమ్మల్లో చూపించి, ప్రేమంతా ఈ ఖాళీలో పోసిందేమో అనిపిస్తుంది.

ఇంత సంచలనానికీ మూలం ఒకే ఒక్క కుట్టు. కుట్లు అల్లికల క్లాసులో మొట్టమొదట చేతికిచ్చే కుట్టు. సూది దిగుతుంది, లేస్తుంది, కాస్త దూరం పోయి మళ్ళీ దిగుతుంది. రన్నింగ్ స్టిచ్ అంటారు. నేను సాదా కుట్టు అనే అంటాను. లంగా అంచు మడిచి వేసేది ఇదే. టైలరు కచ్చాగా వేసుకుని, మిషను కుట్టు పడ్డాక పీకి పారేసేదీ ఇదే. గొలుసుకుట్టులోని ఒయ్యారం దీనికి లేదు, ముడికుట్టులోని ముద్దూ లేదు, శాటిన్ కుట్టు నిగనిగలు అసలే లేవు. అయినా కుట్టుపని రుచి తెలిసినవాళ్ళు తిరిగి తిరిగి చివరికి వచ్చి చేరేది దీని దగ్గరికేనని నా నమ్మకం. కుట్టు పొడవెంత, కుట్టుకూ కుట్టుకూ ఎడమెంత, దారం బిగువెంత, నడక ఏ దిక్కుకు? చెయ్యి ఆడుకోవడానికి ఉన్నవి ఈ నాలుగే. ఈ నాలుగింటితోనే ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఎన్నెన్ని అద్భుతాలు చేశారు!

ఒక వరస కుట్లు వేస్తే అది గీత. దాని పక్కన ఇంకో వరస వేస్తే రెండు గీతలు. మూడు, నాలుగు, అయిదు... ఇలా ఒత్తుకుంటూ పోతుంటే ఏదో ఒక వరస దగ్గర కన్ను లెక్కపెట్టడం మానేస్తుంది. అప్పుడక్కడ గీతలుండవు. గుడ్డకొక కొత్త మేను వస్తుంది, గరుకో నునుపో, ఎత్తో పల్లమో, వేలికి తెలిసే ఒక గుణం వస్తుంది. గీత కంటికి సొంతం, గరుకు చేతికి సొంతం. మరి ఆ వరస దగ్గర, ఇటు గీతా కాక అటు గరుకూ కాక ఊగిసలాడే ఆ సన్నటి సరిహద్దు మీద, అది ఎవరి సొంతం? కన్ను తాకుతుంది, చెయ్యి చూస్తుంది! కుట్టుపనిలో నన్ను కట్టిపడేసే క్షణం అదే. చిత్రకారుడికి అది దొరకడం కష్టం. అతని గీత కాగితం మీదే ఉండిపోతుంది. దారపు గీత మాత్రం గుడ్డ లోపలికి దిగి, గుడ్డను పట్టుకుని, తనతో పాటు లాక్కొస్తుంది.

కాంథా రహస్యమంతా ఆ లాగడంలో ఉంది. బెంగాలు ఇళ్ళలో కట్టి కట్టి మెత్తబడిన చీరల్నీ ధోవతుల్నీ పొరల మీద పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన ఎర్ర, నీలి, నల్ల పోగులతో బొమ్మలు కుట్టి, మిగతా నేలంతా తెల్లదారంతో నింపేవారు. కొత్త గుడ్డకు ఈ పని చేతకాదు. కొత్త గుడ్డలో ఒక మొండితనం ఉంటుంది, సూది చెప్పిన మాట వినదు. ఏళ్ళ తరబడి ఉతుకులు తిని, ఎండలు కాగి, ఒంటి వెచ్చదనానికి అలవాటుపడ్డ ఆ పాత నేతే దారం కాస్త బిగియగానే ఒదిగిపోతుంది. కుట్టు దిగినచోట పొరలు ఒకటినొకటి హత్తుకుంటాయి, కుట్టుకూ కుట్టుకూ నడుమ అవే పొరలు ఊపిరి తీసుకుని పైకి ఉబ్బుతాయి. ఉబ్బు, అణకువ, ఉబ్బు, అణకువ. ఇంతే. ఈ మాత్రం దానికి పక్కనుంచి వెలుతురు తగిలిందా, ప్రతి ఉబ్బుకూ ఒక వెలుగు చెంప, ఒక నీడ చెంప! రంగన్నదే లేని తెల్లటి జాగాలో ఎన్ని తెలుపులు! వెన్న తెలుపు, బూడిద తెలుపు, మొగలిరేకు తెలుపు. అన్నీ ఒకే దారం ఇచ్చినవి.

ఇక ఆ వరసల మధ్య సంబంధం చూడండి. పై వరస కుట్టు కిందే కింది వరస కుట్టు పడితే గుంటలన్నీ ఒక బారుకు వస్తాయి, గుడ్డ దున్నిన చేనులో నాగటి చాళ్ళలా బారులు తీరుతుంది. పై వరస ఎడంలో కింది వరస కుట్టు పడితే గుంటలు చెదిరి, ఉబ్బులు అడ్డదిడ్డంగా అల్లుకుని, గుడ్డ మొత్తం సన్నగా జలదరిస్తుంది. ప్రతి వరసలోనూ కుట్టును కొద్ది కొద్దిగా పక్కకు జరుపుతూ పోతే అల ఏటవాలుగా పరుగెత్తడం మొదలెడుతుంది. బంగ్లాదేశ్‌లోని రాజషాహి వైపు లహరి కాంథా అనే రకం ఒకటుంది. దాంట్లో బొమ్మలతో పనే పెట్టుకోరు, ఈ జరపడమే అందులో కళ. అల నిలువుగా సాగొచ్చు, కోణాలు తిరగొచ్చు, బర్ఫీ గళ్ళుగా విరగొచ్చు. ఒక్క కుట్టును రవంత ముందుకు వెయ్యాలా వెనక్కి వెయ్యాలా అన్న నిర్ణయం మీద గుడ్డంతా దిక్కు మార్చుకుంటుంది! ఇంత చిన్న కదలికకు ఇంత పెద్ద ఫలితం ఇంకే కళలో చూశానా అని వెతుక్కుంటాను. తబలా మీద అరమాత్ర ఆలస్యంగా పడిన దెబ్బ ఒక్కటే గుర్తొస్తుంది.

కానీ నన్నడిగితే లహరి కంటే కూడా అపురూపమైన ఘట్టం బొమ్మల కాంథాలో ఉంది. తెల్లదారం ప్రతి బొమ్మ చుట్టూ దాని అంచునే అనుసరిస్తూ తిరుగుతుంది. తామర చుట్టూ తామర ఆకారంలో, మామిడిపిందె చుట్టూ దాని వంపులో, వరసకు వరస విప్పారుతూ వస్తుంది. అలా ఇటు నుంచి తామర అలలు, అటు నుంచి పిందె అలలు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఎదురుపడతాయి. ఇప్పుడేం చెయ్యాలి? గీసుకున్న గీతలేమీ లేవక్కడ, కొలతలేమీ లేవు. సూది పట్టినావిడే తేల్చుకోవాలి. ఒకావిడ రెండు వరసల్నీ ఢీకొట్టించి అక్కడొక కోణపు గట్టు లేపుతుంది. ఇంకొకావిడ తామర వరసను ఆపేసి పిందెకు దారి ఇస్తుంది. మరొకావిడ చేతిలో రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కలిసి ప్రవహించి, మధ్యలో కంటి ఆకారంలో చిన్న జాగా మిగులుతుంది, ఆ జాగాలో నాలుగు కుట్లు అటూ నాలుగు ఇటూ వేసి సర్దేస్తుంది. ఆ సర్దుబాటు ఉంది చూశారూ! అది ఏ నమూనా పుస్తకంలోనూ ఉండదు. ఎంత సేపైనా అక్కడే నిలబడిపోతాను. బొమ్మల్లో సంప్రదాయం ఉంటుంది. ఈ కలయికల్లో మనిషి ఉంటుంది.

ఆ మనుషుల పేర్లు మనకు దాదాపుగా తెలియవు. కొద్దిమంది మాత్రం దారంతోనే పేరు రాసుకున్నారు. కలకత్తా శివార్లలోని జోకాలో గురుసదయ్ మ్యూజియం ఉంది. జానపద ఆటపాటల బ్రతచారి ఉద్యమం నడిపిన ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ బెంగాలు పల్లెలు తిరిగి పోగుచేసిన సంపద అది. అందులో మానదాసుందరి అనే ఆవిడ తండ్రి కోసం కుట్టిన కాంథా పేరుపడ్డది. సాహెబులూ సిపాయిలూ కూడా దాంట్లోకి నడిచొచ్చారు. బెంగాల్లో చాలా ఏళ్ళు గడిపిన కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ సేకరించిన కాంథాలు ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. కవి జసీముద్దీన్ 1929లో నక్షీ కాంథాను, అంటే బొమ్మల కాంథాను, పేరులోనే పెట్టుకుని ఒక కావ్యం రాశాడు, అందులో నాయిక తన బతుకంతా కాంథా మీద కుట్టుకుంటుంది. గౌరవాలకేం లోటు లేదు. నా గొడవల్లా ఒక్కటే. పుస్తకాల్లో కాంథాను ఎదురు వెలుతురులో ఫోటో తీస్తారు. బొమ్మలు ముచ్చటగా పడతాయి, అలలు చచ్చిపోతాయి! అద్దం వెనక బిగించి పైనుంచి దీపం వేసినా ఇదే గతి. కాంథాను చూడాలంటే కిటికీ పక్కన, సాయంత్రపు ఏటవాలు ఎండలో, చేతికి అందే దూరంలో చూడాలి. లేదంటే సగమే చూసినట్టు.

అన్నట్టు, మనకూ బొంత ఉంది. పాత చీరలు, పంచెలు పొరలేసి, అంచులు మడిచి, లావుపాటి దారంతో బారు కుట్లు వేసిన ఆ బొంత కాంథాకు దూరపు చుట్టమేమీ కాదు, అదే కుట్టు, అదే పాతగుడ్డ, అదే పొదుపు. బొంత కుట్టు పొడుగ్గా ఉంటుంది, ఎడం ఎక్కువ, బిగువు తక్కువ. అందుకే దాని అలలు పెద్దవి, బద్ధకంగా దొర్లేవి. చలికాలం దాన్ని గెడ్డం దాకా లాక్కున్నప్పుడు బుగ్గకు తగిలే ఆ మెత్తటి గట్లు తెలుగువాళ్ళలో చాలామందికి ఒంటికి తెలుసు. దాన్ని మాత్రం ఏ మ్యూజియం గోడకూ ఎక్కించలేదు మనం. ఎక్కించాలని కూడా నేననను, బొంత గోడెక్కితే కప్పుకునేదెవరు!

కుట్టును ఒత్తుగా, చిట్టిగా వేస్తే అలలొచ్చాయి. అదే కుట్టును పొడుగ్గా సాగదీస్తే ఏమవుతుంది? దానికి జవాబు పంజాబులో ఉంది, ఫుల్కారీ అంటారు. ఇటుక ఎరుపు అద్దిన ముతక ఖద్దరు మీద పురి పెట్టని పట్టుపోగు. చిత్రమేమిటంటే కుట్టేది గుడ్డకు వెనకవైపు నుంచి. ఖద్దరు పోగులు లెక్కపెట్టుకుంటూ, సూదితో వెనక ఒకే ఒక్క పోగునెత్తి, ముందువైపు మాత్రం దారాన్ని పొడుగ్గా సాగనిస్తారు. కుట్టే మనిషి కళ్ళెదుట ఉండేవి చిన్న చిన్న చుక్కలు. అవతలి మొహాన పసుపు పట్టు పొలాలు పొలాలుగా పండుతుంటుంది, ఆవిడకు కనబడకుండానే! బాగ్ అనే రకంలోనైతే ఖద్దరు ఆనవాలు కూడా పైకి కనబడదు, గుడ్డంతా పట్టే. మనవడు పుట్టగానే నాయనమ్మ వరీ దా బాగ్ కుట్టడం మొదలుపెట్టేదట, ఆ మనవడికి రాబోయే పెళ్ళికూతురికి కప్పడానికి. పుట్టిన పిల్లవాడి పెళ్ళిదాకా సాగే కుట్టు! తొందరపాటు అన్న మాటకు చోటేలేని పని అది.

ఫుల్కారీలో గరుకుండదు. దాని సొగసు నునుపులో ఉంది, నునుపు వెలుతురుతో ఆడే సరసంలో ఉంది. ఒక చతురస్రం తీసుకోండి. దాన్ని నాలుగు ముక్కలు చేసి, రెండింట్లో కుట్లు నిలువుగా, రెండింట్లో అడ్డంగా వేశారు. దారం ఒకటే, అద్దకం ఒకటే. అయినా నిలువు కుట్లు కాంతిని పట్టి తళతళలాడుతుంటే అడ్డం కుట్లు దాన్ని మింగి తేనెరంగుకు తిరిగాయి. చూసేవాళ్ళకు రెండు రంగులు! ఇంతలో కప్పుకున్నావిడ భుజం తిప్పింది. అంతే, తళుకు కాస్తా అడ్డం కుట్లకు మారింది, ఇందాకటి వెలుగు ముక్కలు తేనెలోకి జారుకున్నాయి. ఎంత గడుసు ఆలోచన! రంగు కొనుక్కోవడానికి డబ్బులుండాలి గానీ దిక్కు మార్చడానికేం ఖర్చు? గీత ఇక్కడ ఏ ఆకారానికీ అంచు కట్టదు. రెండు దిక్కుల కుట్లు ఎదురుపడిన చోట తనంతట తానే పుడుతుంది, వెలుతురు మారితే తనంతట తానే మాయమవుతుంది. అంత అందం నిండిన గుడ్డలో ఎక్కడో ఒక మూల ఓ చిన్న ముక్క కావాలనే వేరే రంగులో కుట్టడమూ ఉంది, దిష్టి తగలకుండా. ఆ దిష్టిచుక్క దొరికేదాకా నా కన్ను ఊరుకోదు. దొరికాక ఆ చుక్క తప్ప ఇంకేదీ కనబడదు, అదొక చిక్కు.

గరుకూ వద్దు, నిగనిగా వద్దు, నాకు ఉత్త గీతే కావాలి అనే పెంకివాళ్ళకు కర్ణాటకలోని ధార్వాడ వైపు కసూతి అనే కుట్టుపని ఉంది. ఇందులో గవంతి అనే కుట్టును చూసినప్పుడల్లా ముక్కున వేలేసుకుంటాను. సాదా కుట్టుగా బయల్దేరి, ఒక కుట్టు ఒక ఎడం చొప్పున గోపురం బొమ్మంతా చుట్టి, చివరిదాకా పోయి, అదే దారిలో వెనక్కి తిరుగుతుంది సూది. పోయేటప్పుడు వదిలిన ఎడాలన్నిటినీ వచ్చేటప్పుడు పూడ్చుకుంటూ వస్తుంది. ఇల్లు చేరేసరికి ఎడమన్నది లేని నిండు గీత, గుడ్డకు ముందూ వెనకా ఒకటే! ముడి కనబడకూడదు, నమూనా గుడ్డ మీద గీసుకోకూడదు, పోగులు లెక్కపెట్టుకోవడమే. ఒక్క పోగు అటో ఇటో అయితే తిరుగు ప్రయాణంలో గోపురం మెట్లు కలవవు. చంద్రకళి అని పిలిచే నల్లచీర మీద ఈ గీతలు పడితే రథాలు, ఏనుగులు, తులసికోటలు అన్నీ చీకట్లో దీపాల వరసలతో కట్టినట్టే ఉంటాయి. గుడ్డ ఉబ్బదు, ముడుచుకోదు. గీత తన పని తాను చేసుకుని, వేలికి దొరక్కుండా కంటికి మాత్రం మిగులుతుంది.

ఈ రాకపోకల కుట్టునే పడమటి దేశాల్లో హోల్‌బైన్ కుట్టు అంటారు. ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో పనిచేసిన చిత్రకారుడు హాన్స్ హోల్‌బైన్ పేరు అది. ఆయన సూది పట్టలేదు. జేన్ సీమోర్ రాణిని 1536-37లో చిత్రించినప్పుడు ఆమె చేతుల దగ్గరి తెల్లటి గుడ్డ మీది నల్లటి కుట్టును ఎంత నిజంగా దించాడంటే, కుట్టినవాళ్ళ పేరు పోయి చూసినవాడి పేరు కుట్టుకు స్థిరపడిపోయింది. కళ్ళున్నందుకు దక్కిన గౌరవం. కుట్టినవాళ్ళకు అన్యాయమే, అయినా ఆ ముంజేతి కుచ్చులు చూశాక ఆయన మీద కోపం నిలవదు.

కసూతిని ఉత్త గీత అన్నాను గానీ అదీ పూర్తి నిజం కాదు. అందులోనే నేయ్గె అని మరో తరహా ఉంది. సాదా కుట్లనే పొడుగూ పొట్టీ కలిపి, వరసలు ఒరుసుకునేలా ఒత్తుగా వేస్తారు. దూరం నుంచి చూస్తే కుట్టినట్టుండదు, మగ్గం మీదే నేసినట్టుంటుంది. గీతలతో అంత నిష్ఠగా బతికే కసూతి కూడా ఒకచోటికొచ్చేసరికి ఉండబట్టలేక నేతలోకి దిగిపోయింది!

ఆ నేతలోకి దిగడం ఎంత దాకా పోగలదో చూడాలంటే జపాను ప్రధాన ద్వీపం హోన్షూ ఉత్తరపు కొసకు, అవోమోరి దగ్గరి త్సుగారు ప్రాంతానికి వెళ్ళాలి. మంచు విపరీతంగా కురిసే నేల. షోగనులు ఏలిన ఎడో కాలంలో రైతులు నూలు బట్ట తొడగరాదని ఆంక్ష. తొడగదగింది నారబట్టే. నీలిమందులో ముంచిన ఆ నార చొక్కాలో నేత వదులు, పోగుల సందుల్లోంచి చలిగాలి చొరబడుతుంది. బట్ట నూలుది కాకూడదు గానీ దారం చేతికందాక ఆడవాళ్ళు ఊరుకుంటారా! తెల్లటి నూలుదారంతో భుజాల మీదా వీపు మీదా వరస విడవకుండా సాదా కుట్లు వేసి సందులన్నీ పూడ్చేశారు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి లెక్కన పోగులెత్తుతూ పోతే వజ్రాకారాలు వాటంతటవే పేరుకున్నాయి. వజ్రంలో వజ్రం, దాని చుట్టూ ఇంకో వజ్రం. ఈ పనినే కోగిన్ అంటారు. చలికి విరుగుడుగా మొదలైన పని చూడబోతే నీలాకాశం మీద మంచు పొడి రాలినట్టు తేలింది! జానపద కళల్లో అందాన్ని వెతికి చూపించిన యనగి సోయెత్సు ఈ చొక్కాలను చూసి మురిసిపోయాడు. ఆయన మెచ్చకపోయినా వాటికి వచ్చిన లోటేమీ లేదు.

కోగిన్ కుట్టులో బిగువు బహు జాగ్రత్త. దారం కాస్త బిగిస్తే నార ముడుచుకుపోతుంది, అందుకే వరస చివర చిన్న సడలింపు వదిలి, గుడ్డను ఒకసారి సాగదీసి వదులుతారు. కాంథాలో అల లేపిన బిగువే ఇక్కడ పనికిరాదు! కాంథా ఉబ్బులో బతుకుతుంది. కోగిన్ గుడ్డతో సమానంగా పరుచుకుని, బరువులో బతుకుతుంది. చేతిలోకి తీసుకుంటే దళసరిగా, చల్లగా, అరచేతికి చిన్న చిన్న గింజలు ఒత్తుకున్నట్టు తెలుస్తుంది. తెల్లటి గీతల సందుల్లోంచి తొంగిచూసే నీలం కూడా ఒక బొమ్మే. తెలుపును చూస్తే వజ్రాలు, నీలాన్ని చూస్తే వాటి చుట్టూ తిరిగే వీధులు.

అసలు ముచ్చట ఇప్పుడు చెప్తాను. తొడిగి తొడిగి ఆ తెలుపు మాసిపోయాక ఏం చేసేవారనుకున్నారు? చొక్కా మొత్తాన్నీ తీసుకెళ్ళి మళ్ళీ నీలిమందు తొట్లో ముంచేసేవారు. తెల్లదారమూ నీలమైపోయింది! అన్నేసి రాత్రుల శ్రమ, లెక్కలు, వజ్రాలు, అంతా ఒక్క మునకలో చీకట్లో కలిసిపోయింది. పోయిందా నిజంగా? అలాంటి చొక్కాను వెలుతురుకు కాస్త ఏటవాలుగా పట్టండి. ఆహా! నీలంలోంచి నీలమే పైకి లేస్తుంది. దారం నీలం ఒక వన్నె, నార నీలం ఒక వన్నె. దారం లేచిన చోట సన్నటి మెరుపు, దిగిన చోట లోతు. గీతలన్నీ చెరిగిపోయాయి, వజ్రాలు మాత్రం అక్కడే ఉన్నాయి, ఇప్పుడవి కంటివి కావు, చేతివి. రంగు అనే ఊతకర్రను తీసేసినా కుట్టు నిలబడింది! నేను ఇందాకటి నుంచీ చెప్తున్న సరిహద్దును ఒక చొక్కా తన జీవితకాలంలో ఇటు నుంచి అటు దాటేసింది, వయసులో గీతగా ఉండి పెద్దరికంలో గరుకుగా మారింది. మాసిన బట్టకు మందు వెతుక్కున్న ఆ పల్లెటూరి గృహిణికి ఇంత గొప్ప ప్రయోగం చేస్తున్నానన్న స్పృహ ఉందో లేదో! ఉండే ఉంటుందనే నేననుకుంటాను. అంత చక్కగా లెక్కపెట్టగలిగిన మనిషి, ఆరేసిన చొక్కాను ఓ క్షణం నిలబడి చూసుకోకుండా ఉంటుందా?

ఇంత చదివాక చెయ్యి దురద పెట్టినవాళ్ళకు ఒక మాట. పాత మల్లు పంచె ఏదైనా ఉంటే మూడు పొరలేసి, అంచులు కచ్చా కుట్టుతో కలిపేయండి. ఎంబ్రాయిడరీ దారం లడిలో ఆరు పోగులుంటాయి, అందులోంచి రెండు పోగులు తీసుకోండి. తెలుపే తీసుకోండి, రంగుల ఆశకు పోవద్దు. మధ్యలో నాలుగు వేళ్ళ మేర ఒక ఆకు ఆకారం ఊహించుకుని దాని చుట్టూ బియ్యపుగింజ పొడవు కుట్లు వేసుకుంటూ వరసలు పెంచుకుంటూ పొండి. కొన్ని వరసల తర్వాత ఎడం సగానికి తగ్గించండి. ఇంకొన్ని తర్వాత దారం కొంచెం బిగించండి. ఒకచోట కుట్టు కింద కుట్టు, ఒకచోట ఎడం కింద కుట్టు వేసి చూడండి. ఫ్రేము బిగించొద్దు, బిగించిన గుడ్డ అల పుట్టనివ్వదు, ఒళ్ళోనే పెట్టుకుని కుట్టండి. అయ్యాక ఒకసారి తడిపి, పిండి, నీడన ఆరబెట్టండి, ఇస్త్రీ జోలికి పోకండి. నూలు కాస్త ముడుచుకుని కుట్లన్నీ లోపలికి దిగుతాయి, గుడ్డ నిద్రలేస్తుంది. ఎక్కడ ఎడం తగ్గించారో, ఎక్కడ బిగించారో కళ్ళు మూసుకుని వేలితో చదివేయొచ్చు!

బజారులో కాంథా చీరలు కొనేవాళ్ళతోనూ ఓ మాట చెప్పాలి. హైదరాబాదులో, విజయవాడలో చేనేత ఎగ్జిబిషన్ పెడితే టస్సర్ మీద కాంథా పని చేసిన చీరలు కనబడుతూనే ఉంటాయి. ఒంటిపొర పట్టు అది, పొరల్లేవు కాబట్టి అలలు రావు. అలల్ని దాన్నుంచి ఆశించడం అన్యాయం. అక్కడ సాదా కుట్టు రంగుల గీతగానే పనిచేస్తుంది. మంచి చేతిలో పడితే ఆ విరుగు విరుగు గీతకూ గొప్ప హొయలుంది. ముదురు నీలిదారం పక్కన లేత నీలిదారం వరసలు నడిచి, ఆకు ఒకవైపు నుంచి మరోవైపుకు మెల్లగా వెలిసిపోతూ వస్తే చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. మిషను మీద చేసిన నకళ్ళు కూడా దిగాయి. వాటిలో కుట్లన్నీ ఒకే పొడవు, ఒకే ఎడం, ఒకే బిగువు. తప్పు లేదు, రుచీ లేదు. చేతి కుట్టు వరసలో ఒకటి పొట్టిగా, ఒకటి అరవీసం పొడుగ్గా పడి, వంపు దగ్గర వేగం తగ్గి, తిన్నటి చోట పరుగందుకుంటుంది. ఆ తేడా తెలుసుకోవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. చీరను మడతల్లోంచి బయటికి తీయించండి, ట్యూబులైటు కింద నుంచి గుమ్మం దగ్గరి ఎండలోకి పట్టుకురండి, తిరగేసి వెనక కూడా చూడండి. మడత నలుగుతుందని కొట్టతను సణుగుతాడు. సణగనివ్వండి.